ఊక బిస్కెట్టుకు పచ్చ రంగు

రుచి గది, బిస్కెట్ల ఫ్యాక్టరీ
సోమవారం

వదినా,

ఇంటికి కాకుండా నీ ఆఫీసుకి ఉత్తరం వచ్చిందేమిటా అని కంగారు పడకు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కదాన్నే. ఫోన్ చేద్దామంటే మీ ఆయన సంగతి నీకు నేను చెప్పాలా? అది మోగీ మోగకముందే లాక్కుని స్పీకర్ పెట్టేస్తాడు. నేనిక్కడ ఒక్క దగ్గు దగ్గితే సాయంత్రానికి మీ వీధి వీధంతా నాకు మందు చెబుతుంది. అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు. నేనిప్పుడు చెప్పబోయేది నువ్వుగింజ కూడా కాదు, గుమ్మడికాయ. చదివాక చింపెయ్యి.

ఉద్యోగం పర్మనెంటు అని చెప్పి బయల్దేరాను కదా. కాదు. ఆరు నెలలు చూస్తారట. నచ్చితే మేనేజరు సంతకం పెడతాడు. అప్పుడు ఉద్యోగమూ నాదే, క్వార్టర్స్ పైఅంతస్తులో నేనుంటున్న గదీ నాదే. నచ్చకపోతే పెట్టె సర్దుకోవాలి. గదంటే ఏమంత గొప్పది కాదు. ఒక మంచం, స్టవ్వు పెట్టుకునే బల్ల, గోడౌన్ రేకుల వైపు తెరుచుకునే కిటికీ. కానీ దానికి తలుపుంది వదినా, తలుపుకి తాళముంది, తాళంచెవి నా దగ్గరుంది. మనింట్లో నా గదిలోంచే కదా అందరూ పెరట్లోకి బట్టలారేయడానికి వెళ్లేది! నేను నిద్రపోతుంటే తడి దుప్పట్లు నా మీదుగా ఊరేగేవి.

సంతకం పడకపోతే ఏమవుతుందో తెలుసుగా. అన్నయ్య కళ్లద్దాల షాపులో కౌంటరు వెనక కూర్చుని, 'ఈ ఫ్రేము మీకు భలే నప్పిందండీ' అని వచ్చినవాళ్లందరికీ ఒకటే అబద్ధం చెబుతూ బతకాలి.

ఇక పని సంగతి. కొత్త బిస్కెట్టు ఏది తయారుచేసినా ముందు నేను పనిచేసే రుచి గదికొస్తుంది. ఫ్యాక్టరీ వాళ్లే ఐదుగురు తిని చూసి పదికి ఎన్ని మార్కులో కంప్యూటర్ షీటు గడుల్లో కొడతారు. పళ్లేలు మోయడం, షీటు చూసుకోవడం నా పని. నేను మాత్రం తినకూడదు. తింటే పక్షపాతం వస్తుందట. మేనేజరుకి అంకెలు చూస్తే తలనొప్పి. "ఒక్క చూపులో తెలియాలమ్మా, రంగులు పెట్టు" అన్నాడు. తెలిసినదానిలా "అలాగేనండీ" అనేశాను. ఒక్కో గడికీ చేత్తో రంగు వేశాను. మర్నాడు ఆ ఐదుగురిలో ఒకడైన గేటు గార్డు వచ్చి తన తొమ్మిదిని మూడు చేసి పోయాడు. అంకె మారింది, పచ్చ రంగు మాత్రం పచ్చగానే కూర్చుంది. మేనేజరు నన్ను చూసిన చూపు నీకు చెప్పలేను.

నువ్వు ఆసుపత్రిలో రోజూ ఈ షీట్లతోనే కదా కాపురం చేసేది. రంగు దానంతటదే మారే ఉపాయం చెప్పు. నీ కాళ్లకి దండం పెడతాను, దూరం నుంచే.

నీ ఉడత


ఆసుపత్రి, రికార్డుల గది
శుక్రవారం

ఉడతా,

ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూ ఉంటావని మీ అన్నయ్య నీకా పేరు పెట్టాడు. అలాంటి నిన్ను బిస్కెట్ల ఫ్యాక్టరీలో పెట్టి తినకూడదన్నారా! దేవుడున్నాడమ్మా.

పర్మనెంటు అని మా అందరి చెవుల్లో పువ్వులు పెట్టినందుకు నిన్ను తిట్టాలి. ఇక్కడ నా పక్కన కూర్చునే నర్సు "ఎవరి దగ్గర్నుంచీ, నవ్వుకుంటున్నావు?" అని అడిగేసరికి తిట్టడం మర్చిపోయాను.

విను. చేత్తో రంగు వేయడం గోడకి సున్నం వేయడం లాంటిది. ఒకసారి వేస్తే మళ్లీ నువ్వు గీకేదాకా పోదు. నీకు కావలసింది మీ అన్నయ్య ముఖం లాంటి గడి. లోపల ఏముంటే పైకి అదే కనబడాలి. దాన్నే కండిషనల్ ఫార్మాటింగ్ అంటారు. మార్కులుండే గడులన్నీ మౌసుతో పట్టుకో. పైన హోమ్ లో ఆ పేరుతో బొత్తం ఉంటుంది, నొక్కు. 'గ్రేటర్ దేన్' అన్నచోట ఏడు వేసి పచ్చ రంగు ఎంచుకో. మళ్లీ నొక్కి 'లెస్ దేన్' లో నాలుగు వేసి ఎరుపు ఎంచుకో. మధ్యవాటిని అలాగే వదిలెయ్. ఇక గార్డు గంటకోసారి మనసు మార్చుకున్నా నువ్వు కదలక్కర్లేదు. అంకె మారితే రంగు మారుతుంది.

ఒక్క మాట. అది చెప్పింది చేస్తుంది తప్ప చెప్పనిది ఊహించదు. అందుకని మరీ మురిసిపోకు.

ఇల్లు మామూలే. నిన్న సాయంత్రం అలవాటుకొద్దీ టీ రెండు గ్లాసుల్లో పోశాను. నీ గ్లాసు కూడా నేనే తాగి రాత్రంతా కళ్లు తెరుచుకుని పడుకున్నాను. నీ గదిలో ఇప్పుడు మీ అన్నయ్య పాత ఫ్రేముల డబ్బాలు పెడతానంటున్నాడు. నేను ఒప్పుకోలేదు.

వదిన


రుచి గది
బుధవారం

వదినా, వదినా, వదినా!

నువ్వు మనిషివి కాదు. నియమం పెట్టగానే షీటు మొత్తం ఎర్రగా భగ్గుమంది. బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన అప్పుడే లోపలికొచ్చి "ఏమైందమ్మా, అంటుకుందా?" అన్నాడు. తర్వాత తెలిసింది, ఖాళీ గడి అంటే దానికి సున్నా అట. మార్కులు పడేకొద్దీ ఎరుపు తగ్గి, అక్కడక్కడా పచ్చ మొలిచింది. మేనేజరు గుమ్మంలోనే నిలబడి చూసి "ఇదీ పనంటే" అన్నాడు. ఆయన నోటంట మంచిమాట విన్నవాళ్లు ఈ ఫ్యాక్టరీలో లేరట!

కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నా పని. గోడౌన్లో సరుకు తగ్గితే ఎరుపు, లారీ ఆలస్యమైతే నారింజ. చివరికి గదిలో నా గుడ్డలకి కూడా ఒక షీటు చేశాను, ఉతికి వారం దాటితే ఎరుపు. నిన్న అదంతా ఎర్రగా కనబడింది. మూసేశాను.

"అంకెలు కనబడుతూనే ఉన్నాయి కదమ్మా, అవెందుకు?" అని మేనేజరు గొణిగితే నిలువు వరసలన్నీ సన్నగా లాగేశాను. ఇప్పుడు షీటు నిండా చిన్నచిన్న రంగు చుక్కలే. చూడముచ్చటగా ఉంది. అడ్డవరస మొత్తం, అంటే ఐదుగురి గడులూ పచ్చగా వచ్చిన బిస్కెట్టుని నేరుగా తయారీకి పంపించేస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఆ రోజు నా సంతకం కూడా పెడతాడట.

తినే ఐదుగురిలో ఒకావిడ ఉంది. ప్యాకింగులో పనిచేస్తుంది, ఫ్యాక్టరీ మొత్తానికి పిన్ని. నా కిటికీకి కర్టెన్ కుట్టిచ్చింది ఆవిడే. అంకె వేయమంటే "అదేంటే, తిన్నదానికి అంకేమిటి, నోరుంది కదా చెప్పడానికి" అని గడిలో మాటలు కొడుతుంది. పెద్దావిడ కదా అని ఊరుకున్నాను. అయినా ఆవిడ గడులెప్పుడూ పచ్చగానే వస్తున్నాయి. మంచి మనసు.

నీ ఉడత


ఆసుపత్రి, రికార్డుల గది
శనివారం

ఉడతా,

నీ ఉత్తరం చదివి నవ్వుతూ నవ్వుతూ ఆఖరి నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయాను. మళ్లీ చదివాను.

మీ పిన్ని మంచి మనసుకీ పచ్చ రంగుకీ సంబంధం లేదే తల్లీ! అంకె ఉండాల్సిన చోట అక్షరాలుంటే, దాని లెక్కలో ఏ మాటైనా ఏ అంకె కన్నా పెద్దదే. ఏడు కంటే ఎక్కువా అని నువ్వడిగావు. అక్కడ 'ఛీ' అని ఉన్నా అది 'ఎక్కువే' అంటుంది. పచ్చ పూసేస్తుంది. నేను చెప్పి ఉండాల్సింది. ఎదురుగా అంకెలే ఉంటాయనుకున్నాను. పిన్నులుంటారని అనుకోలేదు.

ముందు ఆ సన్నగా లాగిన వరసలు వెడల్పు చేసి, ఆవిడ ఏం రాసిందో చదువు. ఆ తర్వాత కొత్త నియమం ఒకటి పెట్టు. గడిలో ఉన్నది అక్షరాలైతే బూడిద రంగు రావాలి. ఎలా రాయాలో వెనక పేజీలో గీసి చూపించాను. దాన్ని జాబితాలో అన్నిటికన్నా పైకి జరుపు, పక్కన 'స్టాప్ ఇఫ్ ట్రూ' దగ్గర టిక్కు పెట్టు. అప్పుడు కింది నియమాలు నోరు మూసుకుంటాయి.

ఏ బిస్కెట్టునీ తయారీకి పంపకు. ఈ ఉత్తరం అందగానే చెయ్యి.

వదిన


రుచి గది
శనివారం

వదినా!

నీ జవాబు ఇంకా రాలేదు గానీ ఆగలేక రాస్తున్నాను. కూర్చుని చదువు. వరస మొత్తం పచ్చ! ఐదుకి ఐదు! ఈ ఫ్యాక్టరీ చరిత్రలో ఇలా ఎప్పుడూ రాలేదట.

ఊక బిస్కెట్టు. ఆరోగ్యం కోసమట. చక్కెర లేదు, వెన్న లేదు, కాస్త ఉప్పు. ఇది గట్టెక్కుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. తిని చూస్తున్నప్పుడు ఐదుగురూ మాటాపలుకూ లేకుండా కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లి కొట్టేసి వెళ్లిపోయారు. ఒక్కరూ టీ దాకా ఆగలేదు. అంత మైమరచిపోయారన్నమాట. మేనేజరు గుమ్మంలోంచి ఆ పచ్చ చారని చూసి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే తయారీ మొదలైంది. గోడౌన్ ఇప్పటికే సగం నిండింది. వచ్చే వారం యజమానురాలు స్వయంగా వస్తోంది, ఆవిడ ఎదుటే నాకు సంతకం.

విడిగా ఒక ప్యాకెట్టు పార్సిల్లో ఇంటికి పంపిస్తున్నాను. అన్నయ్యకి కూడా పెట్టు. నీ శిష్యురాలి మొదటి పంట అది.

గాల్లో తేలుతున్న
ఉడత


పైఅంతస్తు గది
మంగళవారం

వదినా,

నేల మీదికి వచ్చాను. పడి వచ్చాను.

నీ ఉత్తరం పొద్దున్న అందింది. వరసలు వెడల్పు చేశాను. ఊక బిస్కెట్టు ఎదురుగా ఒక్కళ్లు కూడా అంకె వేయలేదు వదినా. ఒక్కళ్లు కూడా! మిగతా రోజుల్లో పిన్ని ఒక్కర్తే మాటలు రాసేది. ఆ రోజు ఐదుగురికీ అంకె సరిపోలేదు. ఇదిగో, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పిన్ని: "అనమంటే బాగుందంటాను గానీ మా ఇంటికి మాత్రం తేవద్దు."
బాయిలర్ ఆయన: "తినడానికి కాదు, పొయ్యిలోకి పనికొస్తుంది."
గార్డు: "ఇది గేటు దగ్గర పెడితే నా అవసరం ఉండదు."
గుమాస్తా: "రేపు సెలవు కావాలి."
ఫ్యాక్టరీ నర్సు: "పన్ను కదిలినవాళ్లు నా దగ్గరికి రండి."

మరీ ఘోరమైన బిస్కెట్టుకే కదా మనిషి అంకె మానేసి నోరు విప్పేది. ఆ ఘోరమైనదానికే ఈ యంత్రం నిండా పచ్చ పూసింది. ఇంకెవరికైనా జరిగి ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

నువ్వు చెప్పినట్టే బూడిద రంగు నియమం పైన పెట్టాను. అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఊక వరసతోపాటు పిన్ని నిలువు వరస కూడా పై నుంచి కింద దాకా బూడిదైపోయింది. మేనేజరు సరిగ్గా అప్పుడే వచ్చాడు. జరిగింది చెప్పాను. ముఖం మాడ్చుకుని తలుపు దగ్గరగా వేశాడు. "తప్పు ఆవిడది. అంకె వేయమంటే వేయలేదు, ఆవిణ్ని చూసి మిగతావాళ్లూ నేర్చుకున్నారు. ఆ మాటే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టు. ఆవిణ్ని ఇంటికి పంపేస్తాను. యజమానురాలు వచ్చిన రోజు నీ కాగితం మీద నేను సంతకం పెడతాను" అన్నాడు. రాయకపోతే ఏమిటని అడగలేదు నేను. ఆయనా చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా ఉంది. సాయంత్రం పిన్ని దగ్గర కూర్చున్నాను. ఆవిడకి ఇదేమీ తెలియదు. మాటలన్నిటికీ ఇప్పుడైనా అంకెలు వేయిద్దామనుకున్నాను.

"పిన్నీ, 'పరవాలేదు' అంటే ఎన్ని మార్కులు?"

"ఎవరడిగారన్నదాన్ని బట్టి."

"నేనే అడుగుతున్నాను."

"నీకైతే ఎనిమిది. మేనేజరుకైతే రెండు."

"సరే, 'తినగా తినగా బాగుంది' అంటే?"

"ఎన్ని తింటే?"

తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడేమో నవ్వుతూ నా జడ విప్పి మళ్లీ అల్లింది. లేచి వచ్చేశాను.

వదినా, ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. కలం కూడా పెట్టి వెళ్లాడు మహానుభావుడు. రాస్తే ఈ గది నాది. ఈ తలుపు, ఈ తాళంచెవి నావి. కిటికీకి మాత్రం ఆవిడ కుట్టిన కర్టెన్ ఉంటుంది. దాన్ని రోజూ ఎలా తియ్యను?

త్వరగా రాయి.

ఉడత


ఆసుపత్రి, రికార్డుల గది
గురువారం

ఉడతా,

ముందు ఆ కలం తిరిగిచ్చెయ్యి.

నియమం రాసింది నువ్వు, దాన్ని చెప్పింది నేను, చదవకుండా తయారుచేయించింది మీ మేనేజరు. ఇందులో నిజం చెప్పింది పిన్ని ఒక్కర్తే. ఆవిణ్ని పంపిస్తారా? బాగుంది వరస! యజమానురాలు వస్తుందిగా, నువ్వే ముందు నోరు విప్పు. ఆవిడ కొరికేలోపే చెప్పు, కొరికాక చెబితే వినే స్థితిలో ఉండదు. ఈ మాట ఎందుకంటున్నానంటే నీ పార్సిల్ చేరింది. నేను ఎడమ దవడపన్నుతో కొరికాను. ఇప్పుడు ఆ వైపు నమలడం లేదు.

ఇక నువ్వు అడగని సంగతులు రెండున్నాయి. ఇన్నాళ్లూ రాయలేదు.

మొదటిది, నీ ఉద్యోగం ఊగుతోందని తెలిసిన దగ్గర్నుంచీ నాకు బెంగగా ఉంది. నిజం. కానీ మధ్యలో ఒక్కసారి, టీ పెట్టుకుంటూ, 'పోతే పోయింది, వచ్చేస్తుంది, సాయంత్రాలు ఇల్లు ఇంత బోసిగా ఉండదు' అనుకున్నాను. వెంటనే లెంపలేసుకున్నాననుకో. ఈ ఇంట్లోకి కోడలిగా వచ్చిన రోజున నాతో మొదట నవ్వింది నువ్వు. నువ్వు లేకపోతే నాకిక్కడ మాట్లాడుకోవడానికి ఎవరున్నారు? ఇది నీ మీద బరువు పెట్టడానికి రాయడం లేదు. నీకు తెలియాలని రాస్తున్నాను. నువ్వు ఈ ఇంటికి చుట్టంలా రావాలి గానీ పెట్టె పట్టుకుని రాకూడదు. అదీ నిజమే. రెండూ నిజమే.

రెండోది, మీ అన్నయ్యకి తెలిసిపోయింది. నిన్న వానొస్తే గొడుగిద్దామని ఆఫీసుకొచ్చాడు. నా పక్కన కూర్చునే ఆ నర్సు మహాతల్లి "మీ చెల్లెలి ఉత్తరం వచ్చిందండీ" అని ఆయన చేతికే ఇచ్చింది. నిలబడ్డచోటే చదివాడు. వీధిలో ఒక్కరికీ చెప్పలేదు. నాకదే భయంగా ఉంది. షాపులో నీ కోసం తిరిగే కుర్చీ ఒకటి ఎప్పుడో కొనిపెట్టాడు, నీకు చెప్పొద్దన్నాడు. రేపు పొద్దున్నే బస్సెక్కి వస్తున్నాడు. "దాన్ని తీసుకొచ్చేస్తాను" అన్నాడు షాపుకి వెళ్తూ.

ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. ఆయనకంటే ముందు అందితే అదృష్టం.

వదిన


పైఅంతస్తు గది
ఆదివారం

వదినా,

అందలేదు. ముందు ఆయనే అందాడు. నీ ఉత్తరం మర్నాడొచ్చింది. వరసగా చెబుతాను, మధ్యలో ఆపకు.

నువ్వు కలం తిరిగివ్వమని రాసేలోపే నేను ఇచ్చేశాను. అంత ధైర్యం ఎక్కడిదని అడగకు, ధైర్యం కాదు. కర్టెన్ తీసి చూశాను, మళ్లీ వేశాను, మళ్లీ తీశాను. ఇక నావల్ల కాలేదు. మేనేజరు కలం జేబులో పెట్టుకున్నాడు. గదికొచ్చి పెట్టె కిందికి దించి సర్దుకోవడం మొదలుపెట్టాను. ఏడుస్తూనే సర్దాను, నీ దగ్గర దాపరికమేముంది.

శుక్రవారం యజమానురాలు వచ్చింది. ముందు చేతికర్ర చప్పుడు వచ్చింది, వెనక ఆవిడ. పళ్లెంలో ఊక బిస్కెట్లు గోపురంలా పేర్చారు. ఆవిడ ఒకటి తీసుకుని నోటి దాకా తెచ్చింది. "అమ్మా, తినకండి!" అని అరిచేశాను. గది మొత్తం నా వైపు తిరిగింది. మేనేజరు కళ్లతోనే నన్ను గోడౌన్లోకి విసిరేశాడు.

చెప్పేశాను. రంగు నియమం నేను రాశానని, మాట వస్తే ఏమవుతుందో నాకు తెలియదని, వరసలు సన్నగా లాగి మాటలు కనబడకుండా చేసింది కూడా నేనేనని. పిన్నిని చూపించి, "ఈవిడ మొదటి రోజు నుంచీ నిజమే రాశారు, నేనే చదవలేదు" అన్నాను. పిన్ని పక్కనున్న నర్సుతో "ఏం మాట్లాడుతోందే ఇది?" అంటోంది.

యజమానురాలు షీటు పెద్దది చేయించుకుని ఐదు మాటలూ పైకే చదివింది. నవ్వలేదు. బాయిలర్ ఆయన మాట దగ్గర మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత మేనేజరుని అడిగింది.

"మీరు తిన్నారా?"

"రంగు చూశానండీ."

"తినండి."

తిన్నాడు వదినా. ఒక్క ముక్క వదలకుండా. ఆ కరకరలు నాకు ఇప్పటికీ వినబడుతున్నాయి. నర్సు ఒకడుగు ముందుకేసి నిలబడింది. ఆయన మింగేదాకా ఎవరూ కదల్లేదు.

అప్పుడావిడ నా వైపు తిరిగింది. "గోడౌన్ నిండా ఈ పెట్టెలే ఉన్నాయి. ఇవన్నీ వదిలేదాకా నువ్వు ఎక్కడికీ పోవడానికి వీల్లేదు. ఏమయ్యా, ఈ పిల్లని పర్మనెంటు చెయ్యి" అంది. శిక్షో బహుమానమో అర్థం కాలేదు. మేనేజరు గ్లాసుడు నీళ్లు తాగి సంతకం పెట్టాడు. పిన్ని ఇకనుంచి ఒక గడిలో అంకె, పక్క గడిలో మాట రాయాలని యజమానురాలే తేల్చింది. "అంకె నువ్వడిగావు కాబట్టి, మాట నా కోసం" అంది పిన్ని నాతో.

గదికొచ్చి మంచం మీద పడ్డాను. ఏడుద్దామా నవ్వుదామా అని తేల్చుకోలేకుండా ఉన్నాను. అప్పుడు ఎవరో తలుపు కొట్టారు. పిన్నేమో అనుకుని "ఎవరూ?" అన్నాను, లేవకుండానే.

"నేనే. రావచ్చా?"

అన్నయ్య! వదినా, నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ వాడు నా గదిలోకి అలా అడిగి వచ్చింది లేదు. నేను జవాబు చెప్పేదాకా బయటే ఉన్నాడు. తలుపు తీసేసరికి చెప్పులు కూడా విప్పేసి ఉన్నాయి. చేతిలో సంచి, ముఖం నిండా కోపం. లోపలికొచ్చి మంచం చూశాడు, బల్ల చూశాడు, కర్టెన్ పట్టుకుని చూశాడు, సర్దిన పెట్టె చూశాడు. "వచ్చేస్తున్నావా?" అన్నాడు. ఆ గొంతులో ఎంత ఆశుందో చెప్పలేను. "లేదు, పర్మనెంటయింది. ఇప్పుడు నిజంగానే" అన్నాను. మంచం అంచున కూలబడ్డాడు. "మొదటిసారీ అదే చెప్పావు" అన్నాడు. కాగితం చూపించాను. తన షాపులో ఫ్రేము చూసినట్టు వెలుతురులో పట్టుకుని సంతకం చూశాడు. "పిచ్చిదానా, కాదని చెబితే నేనేమైనా కొరుక్కు తింటానా?" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. స్పీకర్ లేదు కాబట్టి ఎవరికీ వినబడలేదు.

టీ పెట్టాను. గదిలో తినడానికి వేరే ఏమీ లేక భయపడుతూనే ఊక బిస్కెట్టు పెట్టాను. ముంచుకుని తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. "ఇంత మంచి బిస్కెట్టుని ఎందుకే తిడుతున్నారు?" అన్నాడు. దేవుడా, నిజంగానే అన్నాడు! పెట్టెలు ఎన్నుంటే అన్ని షాపుకి పంపమన్నాడు, కళ్లద్దాలు కొన్నవాళ్లకి ఒకటి ఉచితమట. మీ వీధిలో పళ్ల డాక్టరు ఉన్నాడా లేదా చూసి ఉంచు.

వెళ్తూ గుమ్మంలో ఆగి "నీ తిరిగే కుర్చీ ఏం చేయను?" అని అడిగాడు. "వదినకివ్వు, సాయంత్రాలు షాపులో కూర్చుని టీ తాగుతుంది, నీ కబుర్లు ఎవరైనా వినాలిగా" అన్నాను. ఆలోచిస్తానన్నాడు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు రాసిన రెండూ చదివాను. రెండూ నిజమేనన్నావే, నాకూ అంతే. ఈ గది కావాలి, నువ్వూ కావాలి. కాబట్టి ఆలోచించకుండా సెలవు పెట్టి బస్సెక్కు. గార్డుకి చెప్పి ఉంచాను. ఇవాళ పొద్దున్నే తాళాలవాడి దగ్గరికెళ్లి ఈ గదికి రెండో తాళంచెవి చేయించాను, ఈ కవర్లోనే పెట్టాను. అన్నయ్య తలుపు కొట్టి రావాలి, పిన్ని కొట్టి రావాలి, మేనేజరైతే బయటి నుంచే మాట్లాడాలి. నువ్వు మాత్రం ఈ తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికొచ్చెయ్యి.

నీ ఉడత